ఒకే చూరు కింద పలు శాఖలు: విదేశాల్లోని ఉమ్మడి ప్రభుత్వ కార్యాలయాల అద్దె, నిర్వహణ వ్యయాల పంపకం

మీరు అపార్ట్‌మెంటులో ఉంటున్నట్లయితే నెలనెలా మెయింటెనెన్స్ దగ్గర వచ్చే తగాదా మీకు కొత్త కాదు. "మేం లిఫ్టే ఎక్కం, దాని కరెంటు బిల్లు మేమెందుకు కట్టాలి?" అని కింది అంతస్తువారు అడుగుతారు. ఇంటికింతని కట్టాలా, చదరపు అడుగుకింతని కట్టాలా అన్నది ప్రతి సమావేశంలోనూ తేలకుండా మిగిలిపోయే ప్రశ్న. ఏడాదంతా తాళం వేసి ఉండే ఫ్లాటు యజమాని వాచ్‌మన్ జీతంలో వాటా ఇవ్వనంటాడు. నిజానికి వాచ్‌మన్ అవసరం అందరికంటే ఎక్కువ ఉన్నది ఆయనకే.

ఈ పాఠంలో మనం పరిశీలించే సమస్య స్వభావంలో ఇదే. ఫ్లాటుల స్థానంలో ప్రభుత్వ శాఖలు ఉంటాయి. భవనం పరాయి దేశంలో ఉంటుంది. డబ్బు పన్ను చెల్లింపుదారులది. ప్రభుత్వ విత్తపాలన చదువుతున్న మీకు ఇది ఎందుకు ముఖ్యమంటే, ఒక శాఖకు ఆదా అయిన ప్రతి రూపాయీ ప్రభుత్వానికి ఆదా అయినట్లు కాదన్న సంగతి ఇంత స్పష్టంగా కనిపించే చోటు మరొకటి అరుదు.

ఎవరు ఎవరికి అద్దెదారు?

రాయబార కార్యాలయం అనగానే విదేశాంగ శాఖ ఒక్కటే గుర్తుకు వస్తుంది. వాస్తవానికి ఒక పెద్ద రాయబార కార్యాలయంలో విదేశాంగ శాఖ ఉద్యోగుల పక్కనే రక్షణ అటాషేలు, వాణిజ్య, వ్యవసాయ, సాంస్కృతిక, వీసా విభాగాల వారు కూర్చుంటారు. వీరిలో చాలామంది స్వదేశంలో వేర్వేరు మంత్రిత్వ శాఖలకు చెందినవారు. ఎవరి బడ్జెట్ వారిది, ఎవరి ఆడిట్ వారిది.

భవన యజమానితో కౌలు ఒప్పందం సాధారణంగా విదేశాంగ శాఖే కుదుర్చుకుంటుంది. ఆ తర్వాత గదులను ఇతర శాఖలకు కేటాయించి, అద్దెలోనూ నిర్వహణ ఖర్చులోనూ వాటా అడుగుతుంది. ఈ అమరికలో మూడు విశేషాలున్నాయి. ఒకే ప్రభుత్వంలోని రెండు శాఖల మధ్య ఉండేది మామూలు అర్థంలో కౌలు కాదు. బాకీ కట్టలేదని ఒక శాఖ మరో శాఖను విదేశీ కోర్టుకు ఈడ్చలేదు. అందువల్ల వాటి మధ్య రాసుకునేది అవగాహన పత్రం మాత్రమే, దాని బలమంతా రాతలోని స్పష్టతలోనే ఉంటుంది. రెండో విశేషం, ఇక్కడ లాభం ఎవరికీ అక్కరలేదు. అయిన ఖర్చు రాబట్టుకుంటే చాలు. మూడోది అసలు చిక్కు. గదులు ఇచ్చే శాఖే భవనంలో అతి పెద్ద వాడకందారు కూడా. లెక్క రాసేది తానే, కట్టేవాళ్లలో పెద్దదీ తానే అయినప్పుడు చిన్న శాఖలకు అనుమానం సహజం.

బయటి యజమానితో బేరం

లోపలి పంపకానికి ముందు బయటి ఒప్పందం సరిగా ఉండాలి. అక్కడ జరిగిన పొరపాటును ఆ తర్వాత ఎంత న్యాయంగా పంచుకున్నా అది పొరపాటే.

మొదట విస్తీర్ణం. హైదరాబాదులో ఫ్లాటు కొనేవారికి కార్పెట్ ఏరియాకూ సూపర్ బిల్టప్ ఏరియాకూ తేడా బాగా తెలుసు. విదేశాల్లోనూ అదే కథ. అద్దె కట్టేది 1,200 చదరపు మీటర్లకైతే, బల్లలు వేసుకోగలిగేది 1,000 మీటర్లలో కావచ్చు. మిగిలినది మెట్లు, వరండాలు, లిఫ్టు గుంత. కొలత ఏ పద్ధతిలో తీసుకున్నారో ఒప్పందంలో రాసి ఉండాలి.

తర్వాత కరెన్సీ. అద్దె డాలర్లలో, స్థానిక ఉద్యోగుల జీతాలు ఆ దేశపు నాణెంలో, బడ్జెట్ మంజూరు స్వదేశపు కరెన్సీలో ఉండటం మామూలే. ఏడాది మధ్యలో మారకపు రేటు కదిలితే ఆ నష్టం ఎవరిదో ముందే తేల్చుకోకపోతే, అది చివరకు అడగడం చేతకాని శాఖ మీద పడుతుంది. అద్దె పెంపు ఏటా ఎంత శాతమో, దేని ఆధారంగానో కూడా ఇక్కడే తేలాలి. దౌత్య సంబంధాలు తెగిపోయినా కార్యాలయం మూసివేసినా గడువుకు ముందే ఖాళీ చేసే హక్కు ఇచ్చే నిబంధనను దౌత్య నిబంధన అంటారు. యజమానులు దీనికి అంత తేలిగ్గా ఒప్పుకోరు. కొంచెం ఎక్కువ అద్దె ఇచ్చి అయినా దీన్ని సంపాదించడం మేలు. ఎందుకంటే పదేళ్ల కౌలు మధ్యలో కార్యాలయం మూసుకుపోతే కట్టవలసి వచ్చే మొత్తంతో పోలిస్తే ఆ ఎక్కువ అద్దె స్వల్పం.

ఇక పన్నులు. 1961 నాటి దౌత్య సంబంధాల వియన్నా ఒప్పందంలోని 23వ అధికరణం ప్రకారం, దౌత్య కార్యాలయ ప్రాంగణం సొంతమైనా అద్దెకు తీసుకున్నదైనా దానిపై జాతీయ, ప్రాంతీయ, పురపాలక పన్నులు పంపిన దేశం కట్టనక్కరలేదు. అయితే నిర్దిష్టమైన సేవలకు చెల్లించే రుసుములకు ఈ మినహాయింపు లేదు. నీటి బిల్లు, చెత్త తరలింపు రుసుము వంటివి ఈ కోవలోకి వస్తాయి. అదే అధికరణంలోని రెండో భాగాన్ని చాలామంది చదవకుండా వదిలేస్తారు. స్థానిక చట్టం ప్రకారం భవన యజమాని కట్టవలసిన పన్నుకు ఈ మినహాయింపు వర్తించదు. అంటే యజమాని తన ఆస్తి పన్నును అద్దెలో కలిపి వసూలు చేసుకుంటుంటే, "మేం దౌత్య కార్యాలయం, మాకు పన్ను లేదు" అన్న వాదన నిలవదు. కాబట్టి అద్దె అంకెలో ఏమేమి కలిశాయో విడదీసి అడగడమే బేరంలో మొదటి పని.

భవనంలో ఏ అంతస్తును దేనికి వాడుతున్నామన్నది ఎంత దూరం పోగలదో చెప్పడానికి మన దేశానికే సంబంధించిన ఒక కేసు ఉంది. న్యూయార్క్‌లో ఐక్యరాజ్య సమితి వద్ద భారత శాశ్వత ప్రతినిధి కార్యాలయం 26 అంతస్తుల భవనంలో ఉంది. కొన్ని అంతస్తులు కార్యాలయానికి, సుమారు 20 అంతస్తులు ఉద్యోగుల, వారి కుటుంబాల నివాసానికి వాడేవారు. కార్యాలయ భాగానికి పన్ను మినహాయింపు ఉంది కానీ ఉద్యోగుల నివాసాలకు లేదని న్యూయార్క్ నగరం వాదించి, 2003లో కోర్టుకు వెళ్లింది. వడ్డీతో కలిపి నగరం లెక్కగట్టిన బకాయి 1 కోటి 60 లక్షల డాలర్లకు పైమాటే. మంగోలియా మీద కూడా ఇలాంటి దావాయే వేసింది. ఈ వ్యాజ్యాన్ని విచారించే అధికారం అమెరికా కోర్టులకు ఉందా అన్న ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లగా, 2007 జూన్‌లో 7–2 మెజారిటీతో ఉందని తీర్పు వచ్చింది. 2009లో అమెరికా విదేశాంగ శాఖ ఇటువంటి నివాసాలకు పన్ను మినహాయింపు ప్రకటించింది. ఆ ప్రకటన ఆధారంగా 2010లో అప్పీలు కోర్టు భారత్, మంగోలియాలకు అనుకూలంగా తీర్పు చెప్పింది. చివరకు గెలిచాం, నిజమే. కానీ ఏడేళ్లు పట్టింది. ఒక శాఖ వాడకం వల్ల భవనానికి కొత్తగా పన్ను వచ్చి పడితే దాన్ని ఆ శాఖే భరించాలా, అందరూ పంచుకోవాలా అన్న వాక్యం ఉమ్మడి కార్యాలయపు అవగాహన పత్రంలో తప్పనిసరి అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఒకే ఖర్చు, మూడు లెక్కలు

ఇప్పుడు లోపలి పంపకానికి వద్దాం. కాగితం, పెన్ను తీసుకోండి. కింది అంకెలన్నీ వివరణ కోసం ఊహించినవి. సౌలభ్యం కోసం రూపాయల్లో ఇస్తున్నాం.

ఒక భవనంలో నాలుగు విభాగాలున్నాయి. విదేశాంగ శాఖకు 600 చదరపు మీటర్లు, 30 మంది ఉద్యోగులు. వాణిజ్య విభాగానికి 200 మీటర్లు, 10 మంది. సాంస్కృతిక కేంద్రానికి ఒక చిన్న హాలుతో కలిపి 150 మీటర్లు, 6 గురు. రక్షణ అటాషేకు 50 మీటర్లు, 4 గురు. మొత్తం 1,000 మీటర్లు, 50 మంది. ఏడాది అద్దె 60 లక్షలు.

అద్దె దగ్గర పెద్దగా గొడవ రాదు. చదరపు మీటరుకు 6,000 చొప్పున విదేశాంగ శాఖకు 36 లక్షలు, వాణిజ్యానికి 12, సాంస్కృతిక కేంద్రానికి 9, రక్షణకు 3 లక్షలు. వరండాల ఖర్చు కూడా ఇదే నిష్పత్తిలో కలిసిపోయింది.

గొడవంతా కాపలా ఖర్చు దగ్గర వస్తుంది. అది ఏడాదికి 30 లక్షలు అనుకుందాం. విస్తీర్ణం ప్రకారం పంచితే విదేశాంగ శాఖ 18 లక్షలు, వాణిజ్యం 6, సాంస్కృతిక కేంద్రం 4.5, రక్షణ 1.5 లక్షలు కట్టాలి. ఉద్యోగుల సంఖ్య ప్రకారం పంచితే అవే వాటాలు 18, 6, 3.6, 2.4 లక్షలవుతాయి. ఇప్పుడు ఎవరో లేచి, "కాపలావాళ్లకు పని పెట్టేది సందర్శకులు కదా, సందర్శకుల లెక్కన పంచండి" అన్నారనుకోండి. రోజుకు వచ్చే 100 మందిలో 60 మంది వీసాల కోసం, 30 మంది సాంస్కృతిక కేంద్రానికి, 10 మంది వాణిజ్య విభాగానికి వస్తారు. రక్షణ అటాషే దగ్గరకు ఎవరూ రారు. అప్పుడు వాటాలు 18, 3, 9, 0.

ఈ అంకెలను ఒకసారి నిదానంగా చూడండి. విదేశాంగ శాఖకు ఏ పద్ధతిలోనైనా 18 లక్షలే. సాంస్కృతిక కేంద్రానికి మాత్రం 3.6 నుంచి 9 లక్షల దాకా మారిపోతోంది. ఆరుగురు ఉద్యోగులున్న కేంద్రానికి ఆ తేడా అంటే ఏడాదిలో జరపవలసిన కార్యక్రమాల్లో సగం రద్దు కావడమే కావచ్చు. పంపక సూత్రం ఏదైనా ఒకటేనని పెద్ద శాఖ అధికారి తేలిగ్గా అనగలగడం వెనుక కారణం ఇదే. ఆయన చెడ్డవాడై అలా అనడు. ఆయన లెక్క మారదు, అంతే.

మరి ఏది న్యాయం? ఖర్చు దేనివల్ల పుడుతోందో దాన్నే కొలబద్దగా తీసుకోవాలన్నది వ్యయ గణాంక శాస్త్రం చెప్పే మొదటి సూత్రం. కానీ కాపలా ఖర్చు దేనివల్ల పుడుతోంది? పగలు సందర్శకుల వల్ల. రాత్రి, ఎవరూ లేని భవనంలో రక్షణ అటాషే గదిలోని ఇనప్పెట్టె వల్ల. కాబట్టి పగటి కాపలాను సందర్శకుల ప్రకారం, రాత్రి కాపలాను విస్తీర్ణం ప్రకారం పంచడం సమంజసంగా కనిపిస్తుంది. ఇంకా సూక్ష్మంగానూ పోవచ్చు. అయితే లెక్క కట్టడానికే ఒక గుమాస్తాను పెట్టవలసి వస్తే, ఆయన జీతం ఎలా పంచాలో మళ్లీ సమావేశం పెట్టాలి. కొంత మోటుగా ఉన్నా అందరికీ అర్థమయ్యే సూత్రం, ఎంతో కచ్చితంగా ఉండి ఎవరికీ అర్థం కాని సూత్రం కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది.

అమెరికా అనుభవం: ఐకాస్

ఈ సమస్యను అత్యంత విస్తృతంగా, రాతపూర్వకంగా పరిష్కరించడానికి ప్రయత్నించిన దేశం అమెరికా. అంతకుముందు ఉన్న పద్ధతిలో పాలనాపరమైన సేవల ఖర్చులో ఎక్కువ భారం తన మీదే పడుతోందన్నది అక్కడి విదేశాంగ శాఖ ఫిర్యాదు. తమకు ఏ సేవకు ఎంత పడుతోందో తెలియడం లేదన్నది ఇతర శాఖల ఫిర్యాదు. 1998 ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త పద్ధతి అమలులోకి వచ్చింది. దాని పేరు ఇంటర్నేషనల్ కోఆపరేటివ్ అడ్మినిస్ట్రేటివ్ సపోర్ట్ సర్వీసెస్. పొడి అక్షరాల్లో ఐకాస్.

ఇందులో ప్రతి సేవనూ ఒక వ్యయ కేంద్రంగా విడదీస్తారు. వాహనాలు, బిల్లుల చెల్లింపు, సిబ్బంది వ్యవహారాలు, భవన నిర్వహణ, ఇలా. ప్రతి దానికీ ఒక కొలబద్ద ఉంటుంది. భవన నిర్వహణకు చదరపు మీటర్లు, బిల్లుల చెల్లింపుకు బిల్లుల సంఖ్య, కొన్ని సేవలకు తలసరి లెక్క. ప్రాథమిక సేవల మూట అందరికీ తప్పనిసరి. మిగిలిన వాటిలో చాలావరకు ఏ సేవ కావాలో ఆయా శాఖలు ఎంచుకోవచ్చు. ఒక సేవను పూర్తిగా కాక కొంతవరకే వాడుకునే శాఖ విషయంలో కొలతను 0.3తోనో 0.6తోనో గుణించి తగ్గించే వీలుంది. పూర్తిగా వాడుకుంటే 1. మన సాంస్కృతిక కేంద్రం తన కారును తానే నడుపుకొని, మరమ్మతు మాత్రం ఉమ్మడి షెడ్డులో చేయించుకుంటోందనుకోండి. దానికి వాహన సేవలో పూర్తి వాటా వేయడం అన్యాయం, అసలు వేయకపోవడమూ అన్యాయం. ఆ మధ్య మార్గమే ఈ గుణకం.

అంతకంటే ముఖ్యమైనది, ప్రతి రాయబార కార్యాలయంలోనూ సేవలు పొందే శాఖల ప్రతినిధులతో ఒక మండలి ఉంటుంది. బడ్జెట్‌ను, సేవల ప్రమాణాలను ఆ మండలి పరిశీలిస్తుంది. లెక్క రాసే చేతికి ప్రశ్నించే గొంతు ఎదురుగా ఉండేలా చేసిన ఏర్పాటు ఇది.

ఫలితం ఏమైంది? మన కాగ్ వంటి అమెరికా తనిఖీ సంస్థ గవర్నమెంట్ అకౌంటబిలిటీ ఆఫీస్ 2004లో దీన్ని సమీక్షించింది. ఖర్చుల పంపకం సాధారణంగా న్యాయంగానే ఉందని, సేవల నాణ్యతా బాగానే ఉందని పేర్కొంది. అయితే ఖర్చు తగ్గలేదు. ఒకే రాయబార కార్యాలయంలో రెండు శాఖలు విడివిడిగా గిడ్డంగులు, వాహనాలు నడుపుకోవడం వంటి దుబారా కొనసాగుతూనే ఉందని తేల్చింది. ఇది మీరు పరీక్ష కోసం మాత్రమే కాక, ఎప్పటికీ గుర్తుంచుకోవలసిన తేడా. బిల్లును న్యాయంగా పంచడం ఒక పని. బిల్లునే తగ్గించడం మరో పని. మొదటిది సాధించిన పద్ధతి రెండోది కూడా సాధిస్తుందని అనుకోకూడదు.

"మేం బయటికి పోతాం"

మళ్లీ మన ఊహా భవనానికి రండి. అద్దె 60, కాపలా 30, ఇతర నిర్వహణ 40 లక్షలు, మొత్తం 130 లక్షలు. లెక్క తేలికగా ఉండటానికి అన్నింటినీ విస్తీర్ణం ప్రకారమే పంచుతున్నారనుకుందాం. వాణిజ్య విభాగం వాటా 20 శాతం, అంటే 26 లక్షలు. ఒకరోజు దాని అధికారి నగరంలో మరో చోట అన్ని ఖర్చులూ కలిపి 18 లక్షలకు కార్యాలయం దొరుకుతోందని కాగితం తెచ్చాడు. ఏడాదికి 8 లక్షల ఆదా. స్వదేశంలోని ఆయన మంత్రిత్వ శాఖ సంతోషంగా అనుమతి ఇచ్చింది.

ఉమ్మడి భవనంలో ఏం జరుగుతుంది? కౌలు మొత్తం భవనానికి కాబట్టి అద్దె 60 లక్షలూ అలాగే ఉంటుంది. కాపలావాళ్లు అంతే మంది కావాలి. కరెంటు, శుభ్రత ఖర్చులో మహా అయితే 3 లక్షలు తగ్గుతాయి. మొత్తం 127 లక్షలు, బయట కట్టే 18 లక్షలు కలిపితే 145. అంతకుముందు ప్రభుత్వం పెట్టిన ఖర్చు 130. ఒక శాఖ 8 లక్షలు ఆదా చేసిందని చెప్పుకున్న ఏడాదే ప్రభుత్వానికి 15 లక్షల నష్టం వచ్చింది.

సాంస్కృతిక కేంద్రం సంగతి చూడండి. అది ఒక్క గది కూడా ఎక్కువ తీసుకోలేదు. కానీ ఇప్పుడు 800 మీటర్లలో దానిది 150, అంటే 18.75 శాతం. నిరుడు 19.5 లక్షలు కట్టింది, ఈ ఏడాది 23.8 లక్షల బిల్లు వస్తుంది. దానితో అదీ బయట గదుల కోసం వెతకడం మొదలుపెడుతుంది. అది కూడా పోతే మిగిలినవారి బిల్లు ఇంకా పెరుగుతుంది. ఉమ్మడి బోరు కింద నలుగురు రైతులుండగా ఒకరు సొంత బోరు వేసుకుని వెళ్లిపోతే మోటారు మరమ్మతు ఖర్చు మిగిలిన ముగ్గురి నెత్తిన పడటం మీరు చూసే ఉంటారు. అది ఇక్కడ ఏటా జరుగుతుంది.

ఇక్కడ బేరానికి చోటు ఎక్కడుందో గుర్తించండి. వాణిజ్య విభాగం వెళ్లిపోతే భవనానికి మిగిలేది 3 లక్షలు. బయట దానికయ్యేది 18 లక్షలు. ఈ రెండింటి మధ్య ఏ ధరకు అది ఉండిపోయినా రెండు పక్షాలకూ లాభమే. ఉదాహరణకు 16 లక్షలకు ఒప్పుకుంటే, మిగిలిన ముగ్గురిపై 10 లక్షల భారం పడుతుంది. అది వెళ్లిపోతే పడే 23 లక్షల కంటే ఇది 13 లక్షలు తక్కువ. లెక్క ప్రకారం ఇది చక్కని పరిష్కారం.

ఆచరణలో అంత చక్కగా ఉండదు. రాయితీ ఇచ్చిన మరుసటి నెలలోనే మిగిలిన విభాగాలూ తలా ఒక బయటి కొటేషన్ తెచ్చి బల్ల మీద పెడతాయి. అందులో ఎన్ని నిజమైనవో చెప్పడం కష్టం. అందుకే అనుభవమున్న అధికారులు ఊరికే రాయితీ ఇవ్వరు, దాన్ని దేనితోనైనా ముడిపెడతారు. వాణిజ్య విభాగం 200 మీటర్లలో 60 మీటర్లు వదులుకుంటే, ఆ గదిని సాంస్కృతిక కేంద్రమో కొత్తగా వచ్చే మరో విభాగమో వాడుకోగలిగితే, తగ్గింపుకు ఒక ఆధారం దొరుకుతుంది. అలాగే బయటి కొటేషన్‌ను పోల్చేటప్పుడు సమానమైన వాటినే పోల్చాలి. ఆ 18 లక్షలలో రాత్రి కాపలా ఉందా? జనరేటరు డీజిలు ఉందా? రోజూ రాయబార కార్యాలయానికి రాకపోకలకయ్యే కారు ఖర్చు ఉందా? పైగా వియన్నా ఒప్పందం 12వ అధికరణం ప్రకారం దౌత్య కార్యాలయం ఉన్న ప్రాంతం దాటి మరో చోట అనుబంధ కార్యాలయం తెరవాలంటే ఆతిథ్య దేశం అనుమతి ముందుగా తీసుకోవాలి.

తలుపులు మూసినప్పుడు

కొన్నిసార్లు బయటికి పోయే దారే ఉండదు. 1998 ఆగస్టు 7న నైరోబీ, దార్ ఎస్ సలామ్ నగరాల్లోని అమెరికా రాయబార కార్యాలయాలపై బాంబు దాడులు జరిగి 200 మందికి పైగా చనిపోయారు. వారిలో అత్యధికులు కెన్యా పౌరులు. మరుసటి ఏడాది అమెరికా చేసిన చట్టం ప్రకారం, కొత్తగా కట్టే దౌత్య భవనాల్లో ఆ నగరంలోని ప్రభుత్వ సిబ్బంది అంతా ఒకే ప్రాంగణంలో ఉండాలి. భవనం ప్రహరీ నుంచి కనీసం 100 అడుగుల లోపలికి ఉండాలి. మినహాయింపులు ఉన్నా వాటికి పైస్థాయి అనుమతి కావాలి.

హైదరాబాదులో ఉన్నవారు ఈ మార్పును కళ్లారా చూశారు. 2008లో బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో మొదలైన అమెరికా కాన్సులేట్ 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడలోని కొత్త ప్రాంగణానికి మారింది. దాని నిర్మాణ వ్యయం 34 కోట్ల డాలర్లని ప్రకటించారు. మనకది వీసా కోసం వరుసలో నిలబడే చోటు. ఈ పాఠం దృష్టితో చూస్తే అది అమెరికా ప్రభుత్వపు ఉమ్మడి విదేశీ కార్యాలయం.

ఇలాంటి భవనాల పెట్టుబడి ఖర్చును పంచడానికి అమెరికా 2005 ఆర్థిక సంవత్సరం నుంచి మరో పద్ధతి పెట్టింది. విదేశాల్లో ఏ శాఖకు ఎన్ని పోస్టులు మంజూరై ఉన్నాయో వాటి సంఖ్యను బట్టి, వాటికి కావలసిన గది రకాన్ని బట్టి, ప్రపంచవ్యాప్త నిర్మాణ కార్యక్రమంలో ఆ శాఖ వాటా కట్టాలి. ఖాళీగా ఉన్న పోస్టుకూ డబ్బు కట్టవలసిందే. దీని ఉద్దేశం నిధుల సేకరణ ఒక్కటే కాదు. అవసరం లేని పోస్టులను ఎప్పటికైనా పనికొస్తాయని అట్టే పెట్టుకునే అలవాటుకు ధర కట్టడం కూడా. మన సచివాలయాల్లో ఖాళీ పోస్టుల జాబితా తెలిసినవారికి ఈ ఆలోచనలోని పదును అర్థమవుతుంది.

అయితే బయటికి పోయే దారి మూసేసినప్పుడు చిన్న శాఖకు బేరంలో ఉన్న ఒకే ఒక ఆయుధం పోయినట్లే. వెళ్లిపోతానని బెదిరించలేనివాడికి మాట్లాడే హక్కయినా గట్టిగా ఉండాలి. నిష్క్రమణ, నిరసన స్వరం ఒకదానికొకటి ప్రత్యామ్నాయాలని ఆర్థికవేత్త ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో చేసిన ప్రతిపాదన ఇక్కడ చక్కగా అతుకుతుంది. ఒకే ప్రాంగణంలో ఉండాలని చట్టం చేసి, ఖర్చుల మండలిలో మాత్రం చిన్న శాఖల మాట చెల్లనివ్వకపోతే, ఆ పంపకాన్ని పంపకం అనలేం.

దేశాల మధ్య ఉమ్మడి కార్యాలయాలు

వేర్వేరు దేశాలే ఒకే చోట కార్యాలయం పెట్టుకున్న సందర్భాలూ ఉన్నాయి. టాంజానియాలోని దార్ ఎస్ సలామ్‌లో బ్రిటన్, జర్మనీ, నెదర్లాండ్స్ కార్యాలయాలు ఉమోజా హౌస్ అనే ఒకే భవనంలో పనిచేశాయి. స్వాహిలీ భాషలో ఉమోజా అంటే ఐక్యత. 2012లో బ్రిటన్, కెనడా కూడా కొన్ని చోట్ల దౌత్య కార్యాలయాలను పంచుకోవడానికి అవగాహనకు వచ్చాయి.

బెర్లిన్‌లోని నార్డిక్ రాయబార కార్యాలయాల ప్రాంగణం అన్నింటికంటే ఆసక్తికరమైనది. 1999లో ప్రారంభమైన ఈ ప్రాంగణంలో డెన్మార్క్, ఫిన్లాండ్, ఐస్లాండ్, నార్వే, స్వీడన్ దేశాలకు ఎవరి భవనం వారికే ఉంది. చుట్టూ పచ్చటి రాగి పలకల గోడ ఒకటే. ఆరో భవనం ఫెలెస్‌హుస్, అంటే అందరి ఇల్లు. ప్రదర్శనశాల, సమావేశ మందిరం, భోజనశాల, సందర్శకుల విభాగం అందులో ఉన్నాయి. పంచుకోవలసినది ఏదో, పంచుకోకూడనిది ఏదో గోడలు కట్టకముందే నిర్ణయించుకున్నారు. గదుల అద్దె మీద తగవు వచ్చే అవకాశమే లేదు, ఉమ్మడి ఇంటి ఖర్చు ఒక్కటే మాట్లాడుకోవాలి. అందరికీ ఇంత స్థలం, ఇంత డబ్బు ఉండవనుకోండి.

దేశాల మధ్య పంపకంలో ఒక చిన్న చిక్కు తరచూ పెద్దదవుతుంది. బ్రిటన్, కెనడా, భారతదేశాల ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది, జర్మనీది జనవరిలో, అమెరికాది అక్టోబరులో. నవంబరులో జనరేటరు పాడైతే ఒకరి దగ్గర కొత్త మంజూరు ఉంటుంది, మరొకరి దగ్గర ఏడాది చివరి చిల్లర మిగిలి ఉంటుంది. ఏటా కొంత మొత్తం పక్కన పెట్టే ఉమ్మడి మరమ్మతు నిధి ఉంటే ఈ తగవు సగం తీరుతుంది. వచ్చే ఏడాది ఖాళీ చేయబోయే భాగస్వామి ఆ నిధిలో డబ్బు వేయడానికి ఇష్టపడడు కాబట్టి, వెళ్లేటప్పుడు అతనికి తిరిగి ఎంత ఇవ్వాలో కూడా రాసుకోవాలి. ఖాళీ చేయడానికి ఎన్ని నెలల ముందు చెప్పాలి, కౌలు గడువు మిగిలి ఉంటే వెళ్లే శాఖ ఎన్నాళ్ల వరకు వాటా కట్టాలి, దాని స్థానంలో కొత్తవారు వస్తే ఆ బాధ్యత ఎప్పుడు తీరుతుంది అన్నవి కూడా ఆ పత్రంలోనే ఉండాలి. ఇవి సంతకాలప్పుడు ఎవరికీ గుర్తురావు, ఖాళీ చేసేటప్పుడు అందరికీ గుర్తొస్తాయి.

స్వయం పరీక్ష

1. పైన ఇచ్చిన ఊహా భవనంలో కాపలా ఖర్చు 30 లక్షల్లో 18 లక్షలు పగటిది, 12 లక్షలు రాత్రిది. పగటి ఖర్చును సందర్శకుల ప్రకారం, రాత్రి ఖర్చును విస్తీర్ణం ప్రకారం పంచి నాలుగు విభాగాల వాటాలు కనుక్కోండి. (మీ జవాబు విదేశాంగ శాఖకు 18, వాణిజ్యానికి 4.2, సాంస్కృతిక కేంద్రానికి 7.2, రక్షణకు 0.6 లక్షలు వచ్చిందా? రాకపోతే పగటి, రాత్రి లెక్కలను విడివిడిగా వేసి చూడండి.)

2. మీరు సాంస్కృతిక కేంద్రం అధికారి అనుకోండి. పై పద్ధతిలో వచ్చిన 7.2 లక్షల వాటా ఎక్కువని మండలి సమావేశంలో వాదించాలి. మీ సందర్శకులు ఎక్కువగా సాయంత్రం వస్తారు, వీసా సందర్శకులు ఉదయం వస్తారు. ఈ విషయం మీ వాదనకు బలమా, బలహీనతా? కారణాలతో ఒక పుటలో రాయండి.